బొట్టు మీద ముల్లు

అరుగు మీద పెట్టిన సంగటి ముద్ద ఆరి పైన పొర కట్టింది. ఎర్రన్న దాని వైపు చూడలేదు. గంగక్క కంచం తీయలేదు.

"నిన్న పొద్దున్నుంచి ఇదే వరస. రేపు నీ పెండ్లాం బయమ్మ సంవత్సరీకం. ఇంటి పెద్ద పస్తు పడుకుంటే ఫోటో ముందర అన్నమూ చీరా ఉంచి ఎడ ఎవురు పెట్టాల? ఎదురింటోళ్లా?"

"నేను చెప్పింది చెప్పినా. అది ఈ గడప తొక్కితే నేను ఈ గడప దాటతా. అది రాదని చెప్పండి, తింటా."

"అది అది అంటావేమిరా? దానికి పేరు లేదా?"

"లేదు."

గంగక్క ఎర్రన్నకు పెద్దక్క. కార్యం కోసం గుంతకల్లు నుంచి ముందే వచ్చింది. వాళ్లుండే విడపనకల్లులో ఎర్రన్నను 'రా' అని పిలవగలిగిన మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే మిగిలింది.

పేరు లేకేం. ఇంద్రాణి. ఎర్రన్న పెద్దబిడ్డ. తమ చేనిలో కూలికి వచ్చే సుబ్బన్న కొడుకు జాకబ్‌ను పెళ్లి చేసుకుని పదకొండేళ్లయింది. ఆ రోజు నుంచి ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదన్నది ఎర్రన్న కట్టడి. పోయిన ఏడు తల్లి చనిపోయిన రోజున కూడా ఆ పిల్ల బస్టాండులోనే, శవం లేచేదాకా నిలబడి వెనక్కి పోయింది. ఎర్రన్న రానివ్వలేదు.

నిన్న పొద్దున కంచం ముందు కూర్చున్నప్పుడు కొడుకు విష్ణువర్ధన్ నోరు తెరిచాడు. "ఎల్లుండి కార్యానికి అక్కను పిలుద్దాం నాయనా" అన్నాడు. ఎర్రన్న కంచం తోసేసి అరుగెక్కాడు. అప్పటి నుంచి నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

"కన్నబిడ్డ చేతి చీర పెట్టకుండా ఎడ పెడితే అది బయమ్మకు అందుతాదారా?"

"పదకొండేండ్లు దాని మొగం చూడకుండానే బతికింది. సచ్చినాక చీరెందుకు?"

"బతికిందా?" అంది గంగక్క.

వీధిలో గాలి లేచింది. వాన లేని ఏటి గాలి. విత్తనం పడని చేలల్లోని మట్టినంతా ఎత్తుకొచ్చి అరుగు మీద, సంగటి మీద, ఇద్దరి మీద పోసి పోయింది.

లోపల ఫ్యాను గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

"కరెంటొచ్చినాది," అంది గంగక్క. "నీ అల్లుడు ఏసింటాడు."

"నాకు అల్లుడు లేడు."

"సరే, లేడు. ఉరవకొండలో లైన్‌మన్ ఎవురో జాకబ్ అంట. వాడు పట్టుకున్న తీగలోంచి వచ్చే కరెంటు నీ ఇంట్లోకి రావచ్చు, నీ నెత్తి మీద ఫ్యాను తిప్పొచ్చు. వాని చెయ్యి పట్టుకున్న పిల్ల మాత్రం రాగూడదు. ఇదేం మడిరా నీది?"

ఎర్రన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. మాటకు మాట దొరకనప్పుడు లేచిపోవడం ఆయన అలవాటు. బయమ్మ ఉన్నప్పుడూ అంతే.

"రేడియో అయిందా?" అని లోపలికి అరిచాడు.

"అయింది నాయనా. రా."

*

ఒకప్పుడు శనక్కాయ మూటలు పేర్చిన ముందు గదిలో ఇప్పుడు పాత రేడియోలు పేర్చి ఉన్నాయి. లోపల బల్బుల్లాంటి గాజు వాల్వులుండే రేడియోలు. ఒక్కొక్కటి చిన్నపాటి బీరువా అంత. చుట్టుపక్కల ఊళ్లలో అటకల మీద ఎలుకలు కాపురం పెట్టినవాటిని విష్ణువర్ధన్ వెతికి తెస్తాడు. చెక్కకు పాలిష్ పడతాడు. కాలిపోయినవి మారుస్తాడు. తర్వాత ప్రతిదాని కడుపులోనూ ఒక చిన్న డబ్బా పెడతాడు. దాంతో ఫోన్‌లో పాట పెడితే తీగ లేకుండానే రేడియోలో మోగుతుంది. వాటిని పుట్టపర్తిలో లాడ్జీల వాళ్లు, బెంగళూరులో హోటళ్ల వాళ్లు తీసుకుంటారు.

ఎర్రన్నకు ఈ పని మొదటి నుంచీ గిట్టదు. "సచ్చినోళ్ల నోట్లో పరాయోళ్ల మాటలు పెట్టేది. ఇదీ ఒక బతుకుదెరువే?" అని ఊరందరి ముందూ అన్నాడు. కొడుకు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వును కూడా ఎర్రన్న మనసులో పెట్టుకున్నాడు.

అయినా ఒక్క రేడియోను తన చేత్తోనే తెచ్చి కొడుకు బల్ల మీద పెట్టాడు. బయమ్మది. ఆమె పోయినప్పటి నుంచి అది మూగది. ఎవరినీ ముట్టనివ్వలేదు. సంవత్సరీకం నాడు ఆమె ఫోటో ముందర అది పలకాలని ఆయనకు పట్టింది. పలకాలి, కడప స్టేషనే పలకాలి, బయమ్మ పెట్టిన చోటనే పలకాలి. లోపల కొత్త డబ్బా పెట్టకూడదు. అద్దం మీది బొట్టు తుడవకూడదు.

ఆ బొట్టు సంగతి ఊరికంతా తెలుసు. ఒక ఆయుధపూజకు బయమ్మ మడకకు, మోటారు స్టార్టరుకు, కొడవళ్లకు బొట్లు పెడుతూ వచ్చి రేడియో పెట్టెకూ పెట్టింది. ఆ చేత్తోనే స్టేషన్ల పేర్లున్న అద్దం మీద ఒకచోట ఇంకో బొట్టు పెట్టి, అది రాలిపోకుండా పైన రోంత బంక పూసింది. ఆమెకు చదువు రాదు. ముల్లును బొట్టు మీదికి తిప్పుకుంటే కడప దొరుకుతుందని గుర్తు పెట్టుకుందన్నమాట. ఎర్రన్న ఐదో తరగతి దాకా చదివినవాడు. "మా ఆడదానికి బొట్టే అక్షరం" అని అరుగు మీద కూర్చుని పదిమందికి చెప్పి నవ్వేవాడు.

ఇప్పుడు వంగి అద్దం చూశాడు. బొట్టు ఉంది. చుట్టూ అద్దం నిగనిగలాడుతోంది. బొట్టు మీద మాత్రం పాత దుమ్ము అలాగే ఉంది.

"తుడవలేదు నాయనా. చుట్టూ దూదితో అద్దినా."

ఎర్రన్న తల ఆడించాడు. కొడుకును మెచ్చుకోవడం అంతకు మించి ఆయనకు చేతకాదు. వెంటనే పెట్టె వెనక్కి పోయి చూశాడు. వాల్వుల పక్కన చిన్న నీలం దీపం మినుకుమంటోంది.

"ఇదేంది?"

విష్ణువర్ధన్ కరిగిన సీసం అంటిన వేళ్లు తుడుచుకున్నాడు.

"పెట్టొద్దని చెప్పినా కదరా!"

"ఇను నాయనా. ఇప్పుడు కడప పగటిపూట సరిగ్గా అందదు. మోటార్లు, స్టార్టర్లు, కొత్త బల్బులు, అన్నీ దాంట్లోనే అరుస్తాయి. రేపు నలుగురూ కూర్చున్నాక గరగరమంటే బాగుండదని. అమ్మకు ఇష్టమైన పాటలు ఫోన్‌లో ఎక్కించి పెట్టినా. స్టేషన్ రాకపోతే అవి పెడదామని."

"మీయమ్మ నోట్లో కూడా నీ డబ్బా పెట్టినావు."

"కార్యం అయినాక తీసేస్తా. ఇప్పుడు తీస్తే మల్ల అంతా విప్పాల."

గంగక్క వెనకే వచ్చి పెట్టెలోకి తొంగి చూసింది. ఆమె చేతిలో కంచం అలాగే ఉంది.

"ఏందిరా ఇది, అగ్గిపెట్టె మాదిరి?"

"కార్లలో పెట్టే డబ్బా అత్తా. నడిపేటోని చేతులు స్టీరింగు మీద ఉంటాయి కదా. ఫోనొస్తే ఇదే ఎత్తుతాది. మైకు కూడా దీంట్లోనే ఉంటాది, ఆయప్ప చెయ్యి పెట్టకుండా మాట్లాడొచ్చు."

"కారేదీ మరి?"

"కారు లేదత్తా. పాటల కోసమే. ఉత్త పాటల డబ్బా దొరకలేదు, ఇది దొరికింది. వాల్వుల కరెంటు తగిలితే గుయ్యిమని ఏడుస్తాది, అందుకని దీనికి వేరేగా ఫోన్ బ్యాటరీ పెట్టినా. పాటొస్తే రేడియో నోరు మూసే స్విచ్చు ఒకటి పెట్టాల. అది సాయంత్రానికి పెడతా."

"పాటలు నీ ఫోన్‌లోంచేనా?"

"నా ఫోన్‌లో బ్లూటూతు యాడుండాది? టార్చిలైటు ఒకటే ఉండాది. రేఖ ఫోన్‌కు కలిపినా."

"కోడలి ఫోన్ అత్త రేడియోలో మోగుతాదంట," అని గంగక్క కంచాన్ని బల్ల చివర పెట్టింది. "బయమ్మ ఉంటే బుగ్గన చెయ్యి పెట్టుకునేది."

ఎర్రన్నకు నవ్వు రాలేదు. "పెట్టు," అన్నాడు. "కడప పెట్టు. నీ పాటలు నాకొద్దు."

*

విష్ణువర్ధన్ మీట తిప్పాడు. టిక్కుమంది. అద్దం వెనక పసుపు దీపం వెలిగింది. చప్పుడు లేదు.

"ఏమీ రాలేదే," అంది గంగక్క.

"కాగాల అత్తా. వాల్వులు కాగితేనే మాట."

బయమ్మ కూడా అదే మాట అనేది. చేలో నుంచి ఇంటికొచ్చి రేడియో మీట తిప్పి పొయ్యి దగ్గరికి పోయేది. 'కాగినాదా?' అని అక్కడి నుంచే అడిగేది. ఎవరిని అడిగేదో. ఎర్రన్న ఎన్నడూ బదులు చెప్పలేదు.

చెక్క పెట్టెలోంచి వెచ్చటి వాసన వచ్చింది. పాత మైనం, కాలిన దుమ్ము. మూలనున్న చిన్న పచ్చ దీపపు కన్ను మెల్లగా తెరుచుకుంది. ముల్లు ఏడాదిగా బొట్టు మీదనే ఉంది. ఎవరూ కదపలేదు. ఎర్రన్న ముందుకు వంగాడు.

గర్ర్‌మంది.

అంతే. ఇసుక గాలిలా ఒకటే గర్రు. మాట లేదు, పాట లేదు.

"చెడగొట్టినావు," అన్నాడు ఎర్రన్న. గొంతు పెంచలేదు. "ఆయమ్మ చేతిలో ముప్పై ఏండ్లు పలికింది. నీ చెయ్యి పడింది, సచ్చింది."

"చెడలేదు నాయనా."

"మరి పలకదేమి?"

విష్ణువర్ధన్ తండ్రి ముఖం చూశాడు. చెప్పాలా వద్దా అన్నట్టు ఒక క్షణం ఆగాడు. తర్వాత ముల్లును జరిపే రెండో మీట తిప్పాడు. ముల్లు బొట్టు దిగి కుడికి జరిగింది. రెండు వేళ్ల ఎడం జరిగేసరికి గర్రు విడిపోయి లోపలి నుంచి ఒక మగ గొంతు పైకి తేలింది. పచ్చ కన్ను మూసుకుంది. ఆ గొంతు వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగు నివారణ గురించి చెబుతోంది.

"కడపే," అన్నాడు విష్ణువర్ధన్. "స్టేషన్ దొరికితే ఈ కన్ను మూసుకుంటాది. చూడు."

విత్తనం పడని ఊరికి ఆ గొంతు పురుగు మందు చెబుతూనే ఉంది.

"అద్దం జరిపినావు నువ్వు."

"అద్దం పెట్టెకు అంటుకొని ఉండాది. జరపాలంటే పగలగొట్టాల."

ఎర్రన్న కొడుకు చేతిని తోసేసి మీట తానే పట్టుకున్నాడు. ముల్లును వెనక్కి తిప్పాడు. కడప మునిగిపోయింది. ముల్లు సరిగ్గా బొట్టు మీదికి వచ్చి నిలిచింది. కన్ను తెరుచుకుంది. గర్ర్.

"బొట్టు స్టేషన్ మీద లేదు నాయనా," అన్నాడు విష్ణువర్ధన్. "ఎప్పుడూ లేదు."

గడప దగ్గర అలికిడైంది. కోడలు రేఖ వచ్చి నిలబడింది. చేతులకు పిండి అంటి ఉంది. రేపటి ఓళిగలకు పిండి కలుపుతూ లేచి వచ్చినట్టుంది. ఆమె ఎవరి వైపూ చూడడం లేదు. ఆ గర్రును వింటోంది. కళ్లలో నీళ్లు నిలిచాయి.

"అచ్చం ఇట్లనే," అంది.

"ఏంది అచ్చం?" అన్నాడు ఎర్రన్న.

రేఖ మొగుడి వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు. గంగక్క వైపు చూసింది. "చెప్పేయమ్మా," అంది గంగక్క. "ఇంగ ఎవురి కోసం దాచిపెడతావు?"

"అత్త కావాలనే ఆడ పెట్టేది మామా. ఆ గర్రు మీద."

"ఏంటికి?"

"మాట బయటికి వినపడకుండా."

"ఎవురి మాట?"

రేఖ పిండి చేతులను కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"నేను ఈ ఇంటికొచ్చిన ఏడే, నా ఫోన్ చూసి అడిగింది అత్త. 'దీంట్లో ఉరవకొండ దొరుకుతాదా అమ్మా' అని. దొరుకుతాదని చెప్పినా. అప్పట్నుంచి సాయంత్రం నువ్వు అరుగు మీద కూర్చుంటే ఆయమ్మ రేడియో పెట్టి, ముల్లు ఆడికి తిప్పి, నా ఫోన్ తీసుకొని గోడమూల కూర్చునేది. వదినతో మాట్లాడేది. ఆ చోటు మరిచిపోకుండా బొట్టు పెట్టుకునింది."

రేడియో గర్రుమంటూనే ఉంది.

ఆ సాయంత్రాలు ఆయనకు తెలుసు. అరుగు మీద నలుగురితో వానల గురించి మాట్లాడుతుంటే లోపల ఆ గర్రు చెవులు తొలిచేది. 'ఆ గర్రు ఆపవే!' అని అరిచేవాడు. లోపలి నుంచి బయమ్మ గట్టిగా బదులిచ్చేది. 'స్టేషన్ దొరకలేదు!' అరుగు మీదివాళ్లు నవ్వేవాళ్లు. 'బొట్టు పెట్టినా దొరకలేదంట చూడండప్పా' అని వాళ్లకంటే గట్టిగా ఎర్రన్న నవ్వేవాడు.

"స్టేషన్ దొరకలేదు అనేది," అన్నాడు తనలో తాను.

"ఆ మాట నీకు కాదు మామా," అంది రేఖ. "వదినకు. నువ్వు అరిస్తే వదిన భయపడి ఫోన్ పెట్టేసేది. పెట్టొద్దు, రోంతసేపు ఉండు, అని చెప్పాల కదా. నీ ముందర ఎట్ల చెబుతాది? అందుకని వాళ్లిద్దరూ ఆ మాట పెట్టుకున్నారు. స్టేషన్ దొరకలేదంటే ఫోన్ పెట్టేయొద్దని."

"నా ఇంట్లో."

"అవు మామా."

"నేను అరుగు మీద ఉండంగనే."

"నువ్వు అరుగు మీద ఉన్నప్పుడే. నువ్వు లోపలుంటే ఆయమ్మ నోరే తెరిచేది కాదు కదా."

ఎర్రన్న కొడుకు వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

విష్ణువర్ధన్ తల ఎత్తలేదు.

"అక్కా, నీకు?"

"తెలుసు," అంది గంగక్క. "గుంతకల్లులో నా కోడలికీ తెలుసు. బయమ్మ పోయే ముందర నా చెయ్యి పట్టుకొని అడిగింది కూడా. 'నేను పోయినాక ఆ రేడియో ఎవురు పెడతారు వదినా' అని. నేనేదో పాటల మీద ఆశ అనుకున్నా. రోంత సేపటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు."

ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కడికే. ఊరందరికీ చెప్పి నవ్వినవాడికి.

ఎర్రన్న కుడి బొటనవేలు నోట్లో పెట్టుకుని తడి చేశాడు. ఎవరికీ అర్థమయ్యేలోపే దాన్ని అద్దం మీద బొట్టుకు ఆనించి రుద్దాడు.

"నాయనా!"

"మామా, వద్దు!"

బంక పూసిన బొట్టు తొందరగా రాలేదు. ఇంకోసారి తడి చేసి రుద్దాడు. ఎర్రటి గీత ఒకటి అద్దం మీద అడ్డంగా సాగింది. సగం బొట్టు వేలికి వచ్చింది. సగం అద్దానికి ఉంది.

అప్పుడు రేడియో మోగింది.

*

గర్రు మీద తేలుతూ ట్రింగ్ ట్రింగ్‌మని రెండుసార్లు మోగింది. వంటింట్లో సన్నగా అదే మోత. అందరూ రేడియో వైపే చూశారు. గంగక్క రెండడుగులు వెనక్కి వేసింది. రేఖకు ముందుగా తెలిసింది. "నా ఫోన్!" అని వంటింటి వైపు పరుగెత్తింది.

ఆమె అందుకునేలోపే డబ్బా తన పని తాను చేసింది. ఫోన్ ఎత్తింది.

"రేఖా?"

ఆ గొంతు గది నిండా పరుచుకుంది. స్పీకరు ముందరి బట్ట వెనక, వెచ్చటి వాల్వుల వెనక, మనిషి నిలబడి పిలిచినట్టు. ఎర్రన్న వేలు అద్దం మీదనే ఆగిపోయింది.

పదకొండేళ్లలో గొంతు మారింది. బరువెక్కింది. మాట చివర సాగదీయడం మాత్రం మారలేదు. అది బయమ్మది.

"రేఖా, పలకవేమమ్మా? నాయన తిన్నాడా?"

విష్ణువర్ధన్ చెయ్యి డబ్బా వైపు సగం దూరం పోయి ఆగింది.

"తినలేదు కదా. నాకు తెలుసు తినడని. ఇను. నేను రాను. రానని నా మాటగా చెప్పు ఆయనకు. చీర కొన్నా. అమ్మకు ఇష్టమైన ఆకుపచ్చదే. జాకబ్ పొద్దున బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపిస్తాడు. బస్టాండులో తీసుకోండి. ఎవురు పంపినారంటే గంగత్త తెచ్చిందని చెప్పండి. ఫోటో ముందర పెడితే చాలు. నేను వస్తానని ఆయన పస్తుండొద్దు. రోంత సంగటైనా తినమను."

గంగక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎర్రన్న అడిగింది ఇదే. అది రాదని చెప్పండి, తింటా అన్నాడు. అదే వచ్చి రానని చెప్పింది. బల్ల చివర కంచం ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

"ఏమే, ఉండావా లేదా? ఏంది ఆ..." గొంతు ఆగింది. కాసేపు గర్రు ఒక్కటే. మళ్లీ వచ్చినప్పుడు ఆ గొంతు చిన్నదైపోయింది. "అమ్మ రేడియో బాగు చేసినారా? అదే కదా గర్రుమంటాండేది. రేఖా, అమ్మ మాట్లాడేటప్పుడు ఎనకాల ఇదే..."

మాట ముగియలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు రేడియోలో పెద్దగా వినిపించింది.

ఎర్రన్నకు దగ్గు వచ్చింది. ఏళ్ల తరబడి శనక్కాయ కళ్లాల్లో మింగిన దుమ్ము దగ్గు. ఆపుకోబోయాడు. ఆగలేదు. రెండుసార్లు దగ్గాడు, వంగి, పెట్టెకు చెయ్యి ఆనించి.

అవతల ఊపిరి బిగబట్టినట్టయింది.

"నాయనా?"

పెట్టెకు ఆనిన చేతికి ఆ మాట అదురుగా తగిలింది. ఎర్రన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాయనా, నువ్వేనా ఆడుండేది?"

ఎర్రన్న రేడియో ఆపే మీట పట్టుకుని వెనక్కి తిప్పాడు. టిక్కుమంది. అద్దం వెనక దీపం ఆరిపోయింది. పచ్చ కన్ను ఆరిపోయింది.

గొంతు ఆరలేదు.

కాగిన వాల్వులు చల్లారేదాకా మాట పోదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ముప్పై ఏళ్లుగా చూసిందే. "పెట్టేయొద్దు నాయనా," అంటోంది చీకటి పెట్టెలోంచి. "నేను రానని చెప్పినా కదా, నువ్వు..." ఒక్కో మాటా దూరం పోతూ పోతూ సన్నబడింది. దారం మాదిరి అయింది. తెగింది. గర్రు కూడా పోయింది.

గదిలో ఫ్యాను చప్పుడు మిగిలింది.

ఎర్రన్న తువ్వాలుతో వేలు తుడుచుకున్నాడు. ఎరుపు పోలేదు.

"అయిపోయింది," అన్నాడు. "రానని అదే చెప్పింది. ఇంగ ఎవురూ ఈ..."

"నాయనా." విష్ణువర్ధన్ గుసగుసగా అన్నాడు. పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. రెండో చేత్తో పెట్టె వెనక్కి చూపించాడు. నీలం దీపం మినుకుమంటూనే ఉంది. "నువ్వు ఆపింది రేడియోను. ఆ డబ్బాకు బ్యాటరీ వేరే ఉండాది. మనకు వినపడదు అంతే. అక్క ఇంకా ఇంటాంది."

రేఖ వంటింటి గడపలో నిలబడి ఉంది. పిండి చేతిలో ఫోన్ వెలుగుతోంది. ఎర్ర మీట నొక్కితే అయిపోతుంది. ఆమె నొక్కలేదు. ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని, మామ వైపు చూస్తూ నిలబడింది.

గంగక్క బల్ల చివరనున్న కంచాన్ని తీసుకొచ్చి తమ్ముడి ముందర పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

ఎర్రన్న కంచం చూశాడు. బట్ట కట్టిన పెట్టె మొహం చూశాడు. సగం చెరిగిన బొట్టు మీద ముల్లు కదలకుండా నిలబడి ఉంది. ఉరవకొండలో ఎవరో ఊపిరి బిగబట్టి ఈ గదిని చెవిలో పెట్టుకుని ఉన్నారు. తాను అడుగు తీసి అడుగు వేసినా వాళ్లకు తెలుస్తుంది. దగ్గినా తెలుస్తుంది. తిన్నా తెలుస్తుంది.

దగ్గు మళ్లీ గొంతులోకి వచ్చింది. మింగాడు.

బయటికి పోబోయి గడప దగ్గర ఆగాడు. వెనక్కి తిరగలేదు. వీధి వైపే మొహం పెట్టి, అరుగు మీద లేని మనుషులకు చెప్పినట్టు గట్టిగా అన్నాడు.

"స్టేషన్ దొరకలేదు."

అన్నాక గడప దిగాడో, అక్కడే ఉన్నాడో ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ రేఖ చేతి మీద ఉన్నాయి.

ఫోన్ వెలుగు ఆరలేదు. అవతల పెట్టేయలేదు.